వానకు సగటు పనికిరాదు

ఫోన్‌లో నాలుగు వాతావరణ యాప్‌లు పెట్టుకొని, నాలుగూ సాయంత్రం వాన అని చూపిస్తే ఇక వాన ఖాయమని అనుకునేవారు చాలామంది. ఆ ఆలోచనలో ఒక చిక్కు ఉంది. యాప్‌లు నాలుగైనా వాటి వెనుక ఉన్న లెక్క చాలాసార్లు ఒక్కటే. భూగోళం మొత్తానికి రోజువారీ అంచనాలు కట్టే కంప్యూటర్ మోడళ్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కించదగినన్నే ఉన్నాయి. వాటిలో అమెరికా నడిపే జీఎఫ్‌ఎస్ ఎప్పటినుంచో ఉచితంగా దొరుకుతున్నది కాబట్టి, రకరకాల రంగుల్లో రకరకాల పేర్లతో మన చేతికి వచ్చేది తరచుగా అదే అయి ఉంటుంది. మన దేశపు మోడళ్ల మధ్య కూడా ఈ చుట్టరికాలు ఉన్నాయి. భారత వాతావరణ శాఖ నడుపుతూ వచ్చిన జీఎఫ్‌ఎస్‌కు మూలం ఆ అమెరికా మోడలే. నోయిడాలోని జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం నడిపే ఎన్‌సీయూఎంకు మూలం బ్రిటన్ వాతావరణ కార్యాలయపు మోడల్. ఈ వంశవృక్షం తెలియకుండా ఎన్ని మూలాలను కలిపినా, ఒకే సాక్షిని పేర్లు మార్చి పదే పదే విచారించినట్టే అవుతుంది.

ఉప్పల్ ప్రాంతంలో మా కాలనీకి మాత్రమే పనికొచ్చే అంచనా ఒకటి కట్టుకోవడం కొంతకాలంగా నా వ్యాపకం. ఇందులో నేను తేల్చుకున్నది ఏమిటంటే, మూలాలను కలపడానికి అన్నింటికీ చెల్లే ఒక పద్ధతి లేదు. ఉష్ణోగ్రతను కలిపే తీరు వేరు, వానను కలిపే తీరు వేరు. మూడు రోజుల తరువాతి వానకు ఒక లెక్క, మరో గంటలో పడబోయే వానకు ఇంకొక లెక్క అవసరమవుతాయి.

ముందుగా కొలతల సంగతి చూద్దాం. మోడల్ భూమిని గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క విలువ ఇస్తుంది. జీఎఫ్‌ఎస్ గడి సుమారు 13 కిలోమీటర్లు, యూరోపియన్ వాతావరణ అంచనా కేంద్రమైన ఈసీఎండబ్ల్యూఎఫ్ గడి సుమారు 9 కిలోమీటర్లు ఉంటాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం రూపొందించగా 2025 మేలో వాతావరణ శాఖ ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి 6 కిలోమీటర్లు. జీహెచ్‌ఎంసీ పాత హద్దుల ప్రకారం నగరం విస్తీర్ణం సుమారు 650 చదరపు కిలోమీటర్లు అనుకుంటే, యూరోపియన్ మోడల్ దృష్టిలో హైదరాబాద్ మొత్తం ఎనిమిది గళ్లు మాత్రమే. భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌కు అది పద్దెనిమిది గళ్లు. ఒక్క క్యుములోనింబస్ (ఉరుముల) మేఘం కూకట్‌పల్లిని ముంచెత్తి మూసాపేట దాటకుండానే ఆగిపోయే ఊరిలో ఈ ఎనిమిది గళ్ల పటం ఏ మేరకు పనికొస్తుందో పాఠకులు ఊహించుకోవచ్చు.

ఉష్ణోగ్రత విషయంలో మాత్రం పరిస్థితి ఇంత నిరాశాజనకంగా లేదు, ఎందుకంటే అక్కడ మోడల్ చేసే తప్పుకు ఒక అలవాటు ఉంటుంది. చలికాలంలో రాజేంద్రనగర్, పటాన్‌చెరు స్టేషన్లలో నమోదయ్యే రాత్రి ఉష్ణోగ్రత బేగంపేటలో కన్నా తక్కువగా ఉండడం మనం ఏటా పత్రికల్లో చదివేదే. పొలాలు, ఖాళీ నేలలు త్వరగా చల్లబడతాయి, కాంక్రీటు పగటి వేడిని పొద్దుపోయేదాకా వదలదు. మోడల్ ఈ రెండింటినీ ఒకే గడిలో కలిపి చెబుతుంది కాబట్టి ఒక చోట ఎప్పుడూ ఎక్కువ, మరొక చోట ఎప్పుడూ తక్కువ చెబుతూ ఉంటుంది. ఎప్పుడూ ఒకే వైపు జరిగే తప్పును దిద్దుకోవడం సులభం. గత నెల రోజులలో మోడల్ చెప్పిన విలువకూ, దగ్గరి స్టేషన్‌లో నమోదైన విలువకూ మధ్య సగటు తేడా ఎంతో చూసి, ఆ తేడాను రేపటి అంచనా నుంచి తీసివేస్తే సరిపోతుంది. అంచనాను మెరుగుపరచడానికి ఇంతకన్నా తక్కువ శ్రమతో ఇంతకన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే పని నాకు ఇంతవరకు కనబడలేదు.

ఆ దిద్దుబాటు తరువాత మిగిలిన తప్పుల మీదనే బరువులు, అంటే ఏ మూలాన్ని ఎంత మేరకు లెక్కలోకి తీసుకోవాలన్నది, నిర్ణయించాలి. ఈ లెక్కను 1969లో బేట్స్, గ్రాంజర్ అనే ఇద్దరు రాసిపెట్టారు. వారు తీసుకున్న ఉదాహరణ వాతావరణానికి సంబంధించినది కూడా కాదు, విమాన ప్రయాణికుల సంఖ్య. ఒక మూలం సగటున 1 డిగ్రీ, మరొకటి 2 డిగ్రీలు తప్పుతాయని, వాటి తప్పులకు ఒకదానితో ఒకటి సంబంధం లేదని అనుకుందాం. అప్పుడు మొదటిదానికి 80 శాతం, రెండవదానికి 20 శాతం బరువు ఇస్తే కలిపిన అంచనా తప్పు 0.89 డిగ్రీలకు తగ్గుతుంది. నాసిరకం మూలమైనా కొంత మేలు చేసిందన్నమాట. ఇప్పుడు అవే రెండు మూలాల తప్పుల మధ్య సహసంబంధం, అంటే అవి కలిసి నడిచే తీరు, 0.5 ఉందని అనుకొని లెక్క మళ్లీ వేస్తే, రెండవ మూలానికి రావలసిన బరువు సరిగ్గా సున్నా అవుతుంది. సహసంబంధం ఇంకా పెరిగితే ఆ బరువు రుణసంఖ్యలోకి దిగుతుంది. అంటే ఆ మూలం చెప్పినదానికి కొంత వ్యతిరేక దిశలో జరగమని లెక్క చెబుతుంది. కాగితం మీద అది సరైనదే అయినా ఆచరణలో నేను దాన్ని సున్నా దగ్గరే ఆపేస్తాను, ఎందుకంటే కొద్ది రోజుల సమాచారం నుంచి తీసిన సహసంబంధం అంత నమ్మదగినది కాదు. యాప్‌ల సంఖ్య పెంచుకోవడం వల్ల ప్రయోజనం ఎందుకు ఉండదో చెప్పడానికి నాకు ఈ చిన్న లెక్క కన్నా మంచి ఆధారం దొరకలేదు.

వాతావరణంలో ఈ ఆలోచనకు బలం చేకూర్చినవారిలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన టి.ఎన్. కృష్ణమూర్తి ముఖ్యులు. ఆయన, ఆయన సహచరులు 1999లో సైన్స్ పత్రికలో ప్రచురించిన సూపర్ ఎన్సెంబుల్ పద్ధతిలో ఒక్కొక్క మోడల్ గతంలో ఎక్కడ, ఎంత తప్పిందో నేర్చుకొని, చోటును బట్టి బరువులు మార్చుకుంటారు. మన వాతావరణ శాఖ జిల్లా స్థాయి అంచనాలకు కూడా అనేక మోడళ్లను కలిపే పద్ధతిని వాడుతున్నది.

ఇక వాన దగ్గరికి వస్తే ఇదంతా తలకిందులవుతుంది. ఒక మోడల్ కూకట్‌పల్లిలో 70 మిల్లీమీటర్లు, ఉప్పల్‌లో సున్నా అని చెప్పిందని, రెండవ మోడల్ ఉప్పల్‌లో 70, కూకట్‌పల్లిలో సున్నా అని చెప్పిందని అనుకుందాం. సగటు తీస్తే రెండు చోట్లా 35 మిల్లీమీటర్లు వస్తుంది. వాతావరణ శాఖ కొలమానంలో భారీ వర్షం 64.5 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది. నగరంలో ఎక్కడో ఒక చోట భారీ వర్షం పడుతుందని రెండు మోడళ్లూ ఏకగ్రీవంగా చెప్పగా, వాటిని కలిపిన మన అంచనా మాత్రం ఎక్కడా భారీ వర్షం లేదని చెబుతున్నది. పైగా ఏ మోడలూ ఊహించని ఒక దృశ్యాన్ని, అంటే ఊరంతా సమానంగా పరచుకున్న మోస్తరు వానను, మనమే సృష్టించినట్టయింది. ఇదే తప్పు చిన్న వానల వైపు కూడా జరుగుతుంది: పది మూలాలలో ఒకటి 10 మిల్లీమీటర్లు చెబితే సగటు ఒక మిల్లీమీటరు అవుతుంది, పటంలో ప్రతిరోజూ ఎక్కడో ఒక చోట తుంపర కనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి వానను సగటు తీయకుండా లెక్కపెట్టాలి. ఈసీఎండబ్ల్యూఎఫ్ ప్రారంభ పరిస్థితులను కొద్దికొద్దిగా మార్చి ఒకే అంచనాను 51 సార్లు నడుపుతుంది. అమెరికా జీఎఫ్‌ఎస్‌కు ఇలాంటి రూపమైన జీఈఎఫ్‌ఎస్ 31 సార్లు నడుస్తుంది. మా కాలనీ చుట్టూ ఒక పాతిక కిలోమీటర్ల వలయం గీసి, ఆ వలయంలో ఎక్కడైనా నేను పెట్టుకున్న వాన పరిమాణపు హద్దును దాటిన నడకలు ఎన్నో లెక్కపెడతాను. వలయం ఎందుకంటే, మేఘం పుడుతుందా లేదా అన్నది మోడల్ కొంతవరకు చెప్పగలదు కానీ అది ఉప్పల్ మీదా నాగోల్ మీదా అన్నది చెప్పలేదు. చెప్పలేని సంగతిని దాని చేత చెప్పించకుండా ఉండడానికే ఈ వలయం. రెండు సమూహాలనూ ఒక రాశిగా పోయకూడదు, అలా చేస్తే 51 ఉన్నది 31 ఉన్నదాన్ని కేవలం సంఖ్యాబలంతో మింగేస్తుంది. ఒక్కొక్క సమూహం నుంచి ఒక్కొక్క శాతం తీసుకొని, ఆ తరువాత ఆ శాతాలకు బరువులు ఇవ్వాలి. వలయంలో ఎక్కడో ఒక చోట పడే అవకాశానికీ, మా ఇంటి మీద పడే అవకాశానికీ మధ్య తేడా ఉంటుంది కాబట్టి, చుట్టుపక్కల స్టేషన్లలో వాన నమోదైన పాత రోజులను చూసి ఆ శాతాన్ని కిందికి దించుతాను. శాఖ బులెటిన్‌లో "కొన్ని చోట్ల" అన్నప్పుడు 26 నుంచి 50 శాతం స్టేషన్లలో వాన అని స్పష్టమైన నిర్వచనం ఉంది గనుక, మాటల్లో ఉన్న ఆ అంచనాను కూడా అంకెగా మార్చి ఇందులో కలపడానికి వీలుంది. అనుభవజ్ఞుడైన మనిషి మోడళ్లన్నింటినీ చూసి రాసిన ఆ వాక్యాన్ని వదులుకోవడం తెలివితక్కువ పని అని నా అభిప్రాయం.

అన్ని వానలూ ఒకే రకం కావన్నది కూడా ఈ లెక్కలో ఉండాలి. 2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదుగా కదిలింది. వందల కిలోమీటర్ల మేర విస్తరించిన అలాంటి వ్యవస్థను మోడళ్లు ముందుగానే పట్టుకోగలవు, కాబట్టి వాటి మధ్య ఏకాభిప్రాయానికి విలువ ఉంటుంది. అయినా ఆ 24 గంటలలో ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్లు పడితే బేగంపేటలో 19 సెంటీమీటర్లు నమోదైంది. వ్యవస్థ ఎంత పెద్దదైనా వీధి స్థాయి తేడాలు మిగిలే ఉంటాయి. ఏప్రిల్, మే సాయంత్రాలలో ఉరుములతో వచ్చే వాన సంగతి పూర్తిగా వేరు. అప్పుడు నేను ఉదయం 5.30కు బేగంపేట నుంచి పైకి వదిలే బెలూన్ సమాచారాన్ని చూస్తాను. దిగువన ఎంత తేమ ఉంది, దాని మీద మూతలాగా ఎంత వెచ్చని పొర ఉంది అన్నవి అందులో కనబడతాయి. మధ్యాహ్నపు ఎండ ఆ మూతను తీయగలిగితే సాయంత్రం మేఘం లేస్తుంది, లేకపోతే ఉక్కపోతే మిగులుతుంది.

మేఘం లేచిన తరువాత మోడళ్లన్నింటినీ పక్కన పెట్టి రాడార్ చూడాలి. రాబోయే గంట, రెండు గంటల విషయంలో ఇప్పుడు మేఘం ఎక్కడ ఉంది, ఎటు కదులుతున్నది అన్న సమాచారానికి పొద్దున మొదలైన మోడల్ సాధారణంగా సాటిరాదు. అయితే రాడార్ కొలిచేది వానను కాదు, చినుకుల నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వని బలాన్ని. దాన్ని వానగా మార్చడానికి ఒక సూత్రం కావాలి. మార్షల్, పామర్ అనే శాస్త్రవేత్తలు 1948లో మొదలుపెట్టిన పరంపర నుంచి వచ్చిన ప్రసిద్ధ సూత్రం ప్రకారం, ప్రతిధ్వని బలం 50 డీబీజెడ్ (ఆ బలానికి కొలమానం) ఉంటే గంటకు సుమారు 49 మిల్లీమీటర్ల వాన. ఉష్ణమండలపు వానలకు వాడే మరొక సూత్రం ప్రకారం అదే 50 డీబీజెడ్‌కు గంటకు సుమారు 147 మిల్లీమీటర్లు. మూడు రెట్ల తేడా! వడగళ్లు ఉంటే ఈ రెండు లెక్కలూ తప్పుతాయి, ఎందుకంటే వడగళ్ల ప్రతిధ్వని వాటిలోని నీటికి మించి ఉంటుంది.

హైదరాబాద్‌కు ఇంకొక ఇబ్బంది ఉంది. మన డాప్లర్ రాడార్ బేగంపేటలో, నగరం నడిబొడ్డున ఉంది. ఇలాంటి రాడార్లు సాధారణంగా ఇరవై డిగ్రీల చుట్టుపక్కల కోణం వరకే తల ఎత్తి చూస్తాయి. అంటే 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న మేఘం నాలుగు కిలోమీటర్ల ఎత్తు లోపు భాగమే దానికి కనబడుతుంది, నెత్తి మీద ఉన్నది అసలే కనబడదు. వికారాబాద్ దగ్గర ఉన్నప్పుడు శిఖరం దాకా కనిపించిన మేఘం నగరంలోకి వచ్చేసరికి సగం కోసేసినట్టు కనిపిస్తుంది. మేఘం బలహీనపడిందని తొందరపడి అనుకోకుండా, దగ్గరలో పడుతున్న వాననే చూడవలసి ఉంటుంది.

అందుకు నేల మీది స్టేషన్లు ఉన్నాయి. తెలంగాణలో రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ (టీజీడీపీఎస్) వెయ్యికి పైగా ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లను నడుపుతున్నది, నగరంలో వాటి సాంద్రత ఎక్కువ. వికారాబాద్ వైపు నుంచి ఒక మేఘం వస్తున్నప్పుడు అది దాటి వచ్చిన స్టేషన్లలో నిజంగా పడిన వానను, అక్కడే రాడార్ లెక్క చెప్పిన వానతో పోలుస్తాను. స్టేషన్లలో 30 మిల్లీమీటర్లు పడిన చోట రాడార్ లెక్క 20 అని చెప్పి ఉంటే, అదే మేఘం మా వైపు వచ్చేటప్పుడు రాడార్ అంకెను ఒకటిన్నర రెట్లు చేస్తాను. రాడార్‌కు విస్తీర్ణం తెలుసు, స్టేషన్‌కు పరిమాణం తెలుసు. ఈ జోడీ ఇచ్చినంత ప్రయోజనం మరే రెండు మూలాల జోడీ ఇవ్వదు.

స్టేషన్లను కూడా కళ్లు మూసుకొని నమ్మకూడదు. మా డాబా మీద నేను పెట్టుకున్న వానమాపకంలో గరాటు కింద ఊగే చిన్న దోనె ఉంటుంది, 0.2 మిల్లీమీటర్ల వాన నిండగానే అది ఒరిగి ఒక అంకె నమోదు చేస్తుంది. గరాటులో పావురాల రెట్ట, వేపాకులు పేరుకుపోతే, వాన జోరుగా పడుతున్నంతసేపు అంకె కదలదు; వాన వెలిసి ఎండ వచ్చిన తరువాత గంటసేపు, కొలిచినట్టు సమాన వ్యవధిలో, ఒక్కొక్క అంకె చొప్పున నమోదవుతూ ఉంటుంది. ఆ సమాన వ్యవధే మూసుకుపోయిన గరాటుకు గుర్తు, నిజమైన వాన అలా పడదు. అందువల్ల ఏ స్టేషన్ అంకెనైనా దాని చుట్టుపక్కల స్టేషన్లతోనూ రాడార్‌తోనూ సరిచూడాలి. చుట్టూ ఎర్రగా ఉన్న రాడార్ పటం మధ్యలో సున్నా చూపిస్తున్న స్టేషన్‌ను ఆ పూటకు లెక్కలోంచి తీసేయడమే మంచిది.

మూలాలను కలిపేటప్పుడు అన్నింటికన్నా విసుగు పుట్టించేది గడియారం. మన దేశంలో వర్షపాతపు రోజు ఉదయం 8.30 నుంచి మరునాటి ఉదయం 8.30 వరకు. మోడళ్లు మన కాలమానం ప్రకారం 5.30, 11.30 గంటలకు మొదలవుతాయి. మోడల్ సమాచారాన్ని ఆరు గంటల ముక్కలుగా తెచ్చుకుంటే ఏ ముక్కా 8.30 దగ్గర తెగదు, మూడు గంటల ముక్కలైతే తెగుతుంది. ఈ చిన్న విషయం పట్టించుకోకపోతే తెల్లవారుజామున పడిన వాన ఒక రోజు ఖాతా నుంచి మరొక రోజు ఖాతాకు మారిపోయి, నిజానికి బాగా చెప్పిన మోడల్‌కు చెడ్డ పేరు వస్తుంది.

మంచి పేరు, చెడ్డ పేరు అన్నాను కాబట్టి మార్కుల సంగతి కూడా చెప్పాలి. వాన అవకాశం శాతాలకు 1950లో గ్లెన్ బ్రయర్ చెప్పిన కొలమానాన్నే నేను వాడతాను. 30 శాతం అని చెప్పినప్పుడు వాన రాకపోతే 0.09, వస్తే 0.49 దండన. దండన ఎంత తక్కువైతే అంచనా అంత మంచిది. ఏ మోడలూ చూడకుండా, ఆ నెలలో సాధారణంగా ఎన్ని రోజులు వాన పడుతుందో ఆ శాతాన్నే ప్రతిరోజూ చెప్పేవాడికి ఎంత దండన పడుతుందో మొదట లెక్క కట్టుకోవాలి. ఎన్ని మూలాలు కలిపినా ఆ సోమరి అంచనాను దాటకపోతే ఆ శ్రమ వృథా.

శాతంగానే ఎందుకు చెబుతానంటే, అడిగేవారి అవసరాలు ఒక్క తీరుగా ఉండవు. ఎండాకాలంలో పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా, "బిడ్డా, ఇయ్యాల మిరపకాయలు ఎండవోయాల్నా, వద్దా?" అని అడుగుతుంది. నేను ఇరవై శాతం అన్నా ఆమె వద్దనే నిర్ణయించుకుంటుంది, ఒక్కసారి తడిస్తే ఏడాది కారం పోతుంది కాబట్టి. అదే ఇరవై శాతానికి మా తమ్ముడు బండి మీద హైటెక్ సిటీకి నిశ్చింతగా బయలుదేరుతాడు. ఉంది, లేదు అని నేనే తేల్చి చెబితే ఇద్దరిలో ఒకరికి అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. శాఖ ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు ఇచ్చిన రోజున మాత్రం నా శాతాలు ఎవరికీ చెప్పను, ఆ హెచ్చరికనే పంపుతాను.

ఇప్పుడు కొత్తగా కృత్రిమ మేధ మోడళ్లు వచ్చాయి. ఈసీఎండబ్ల్యూఎఫ్ తన ఏఐఎఫ్‌ఎస్‌ను 2025 ఫిబ్రవరిలో రోజువారీ సేవలోకి తెచ్చింది, గూగుల్ డీప్‌మైండ్ గ్రాఫ్‌కాస్ట్ 2023లోనే వచ్చింది. ఇవి రెండూ ప్రధానంగా నేర్చుకున్నది గత దశాబ్దాల వాతావరణాన్ని తిరిగి లెక్కగట్టిన ఈఆర్ఏ5 అనే ఒకే పాఠ్యం నుంచి, అందులోని గడి సుమారు 31 కిలోమీటర్లు. అందువల్ల వీటిని రెండు స్వతంత్ర మూలాలుగా లెక్కించడానికి నాకు మనసు ఒప్పదు. పైగా సగటు తప్పును తగ్గించుకునేలా శిక్షణ పొందిన మోడల్, సందేహం ఉన్న చోట విలువలను మెత్తగా పరిచి చెప్పడానికి అలవాటు పడుతుంది. కూకట్‌పల్లి, ఉప్పల్ ఉదాహరణలో నేను వద్దన్న పనినే అది తనంతట తాను చేసుకొని వస్తుందన్నమాట. వాటి ఉష్ణోగ్రతలను, గాలులను నా లెక్కలోకి ఇప్పటికే తీసుకున్నాను. వానకు మాత్రం ప్రస్తుతం వాటి బరువు సున్నా. ఒక పూర్తి వానాకాలం పక్కన నడిపించి, వాటి తప్పులు ఈసీఎండబ్ల్యూఎఫ్ పాత మోడల్ తప్పులతో ఎంత కలిసి నడుస్తున్నాయో చూసిన తరువాత ఆ బరువును మారుస్తాను.